కంటికి వేసిన పైవరస

చీకటి తన మూటాముల్లె సర్దుకుని పడమటి దారి పట్టగా, తూర్పుదిక్కు దుకాణం తలుపు ఓరగా తెరిచి వెలుగును చిల్లరగా అమ్మడం మొదలుపెట్టగా, బండిచక్రాల రొద భేరీభాంకారమై, హమాలీల కేకలు సింహనాదాలై, తడిసిన గోనెల వాసన హోమధూమమై దిక్కులు నాలుగూ కమ్ముకొనగా, టోకుపండ్ల మార్కెట్టు అనబడే ఆ ఘోరసమరాంగణంలోకి అడుగుపెట్టిన మన కథానాయకుడి చేతిలో ఆనాటికి ఉన్న సరుకు ఇది: ఒక హిమగృహం, అనగా వాడుక మాటలో కోల్డ్ స్టోరేజీ, వేలితో తట్టి పండు లోపలి పాపపుణ్యాలు చెప్పగల నేర్పు, ఎవరి మాటనూ పూర్తిగా నమ్మని బుద్ధి, ముక్కు మీద ఒక కళ్ళజోడు, ఆ కళ్ళజోడు తెచ్చిపెట్టిన ఒక మారుపేరు. మొదటి మూడూ జమ. చివరి రెండూ ఖర్చు.

ఆ మారుపేరు ఆవిరి షావుకారు.

ఫలరాశిపరీక్షాదక్షుడూ, బేరవిద్యావిశారదుడూ అయిన ఆ మహానుభావుడు హిమగృహంలోని చలిలోంచి బయటి ఉక్కలోకి అడుగుపెట్టిన మరుక్షణం కళ్ళజోడు అద్దాలు రెండూ పొగమంచు పట్టిన కిటికీలయ్యేవి. చొక్కా అంచుతో తుడుచుకునే ఆ కాస్త వ్యవధిలోనే లోకం ఆయన చేయి జారిపోయేది. షెడ్డు అవతలి కొసన వేలం వేసే పెద్దమనిషి ఎత్తిన వేళ్ళు రెండో మూడో తెలిసేది కాదు. తనవైపు నడిచొస్తున్నది కొనేవాడో అప్పడిగేవాడో తెలిసేది కాదు. ఎదురుకొట్టు యజమాని అయిన బావమరిది, అంటే ఆయన ఇల్లాలి సొంత తమ్ముడు, సరిగ్గా ఆ సమయం కోసమే కాచుకుని కూర్చునేవాడు.

“బావా! అటు కాదు, ఇటు! నువ్వు ఇందాకట్నుంచి బేరమాడుతున్నది స్తంభంతో!”

మార్కెట్టు మార్కెట్టంతా నవ్వేది. స్తంభం మాత్రం నవ్వేది కాదు. అందుకని షావుకారుకు ఆ స్తంభమంటే ఒకింత గౌరవం.

అవమానానలదందహ్యమానహృదయుడై ఆయన ఒకనాడు కళ్ళ డాక్టరమ్మను ఆశ్రయించాడు. పక్కన ఇల్లాలు కూర్చుంది. డాక్టరమ్మ ఆయన కంట్లోకి దీపాలు వేసి చూసి, గోరంత ఉన్న ఒక గట్టి లెన్సును బల్ల మీద పెట్టింది.

“ఇది పడుకునేముందు పెట్టుకోవాలి, పొద్దున తీసెయ్యాలి. రాత్రంతా మీ నల్లగుడ్డు మీదున్న అద్దంలాంటి పొరని మెల్లగా సర్దుతుంది. పగలంతా కళ్ళజోడు లేకుండా చూడొచ్చు. పెట్టుకోవడం మానేస్తే చూపు మళ్ళీ పాతదారి పడుతుంది.”

“అంటే సొంతం కాదు, అద్దెకన్నమాట.”

“అలాగే అనుకోండి. కానీ కన్ను మూసి ఉన్నప్పుడు దానికి గాలి తక్కువ అందుతుంది. లెన్సు మురికిగా ఉంటే క్రిములకి పండగే. అందుకని చేతులు సబ్బుతో కడుక్కుని ఆరాకే ముట్టుకోవాలి. కుళాయి నీళ్ళు లెన్సుకి తగలకూడదు, లెన్సు దాచే డబ్బీకీ తగలకూడదు. లెన్సు నానబెట్టే సొల్యూషన్ ఏ రోజుకారోజు కొత్తది పొయ్యాలి, పాతది పారబొయ్యాలి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా లెన్సు పెట్టకుండా నాకు ఫోన్ చెయ్యాలి.”

షావుకారు తల ఊపాడు. సరుకు నచ్చిన వ్యాపారి షరతులకు ఎలా తల ఊపుతాడో అలా ఊపాడు. ఆయన మనసు ఆ మాటల దగ్గర లేదు. మానవజాతి యావత్తూ నిద్ర అనే నిష్ప్రయోజకుణ్ణి జన్మంతా మేపుతూ ఉండగా, ఆ సోమరిచేత పని చేయించుకునే కిటుకు తనొక్కడికే చిక్కిందే! ఒళ్ళెరగక గురకపెడుతున్నంతసేపూ లోపల పని సాగుతుంది. కూలీ లేదు, కాపలా లేదు. ఇంత చవక బేరం ఏ మార్కెట్టులో ఉంది?

కొద్దిరోజుల్లోనే ఆయన దిగ్విజయం మొదలైంది. నగ్ననేత్రుడై హిమగృహద్వారంలోంచి వెలువడిన ఆ వీరుడు దూరాన ఎత్తిన వేలినీ, ఆ వేలికున్న గోరునూ, ఆ గోటి కింది మట్టినీ చూశాడు. మచ్చ దాచిన ఆపిల్ పండ్లు ఆయన్ని చూసి సిగ్గుపడ్డాయి. తూకపు ముల్లు ఆయన చూపు తగలగానే నిటారుగా నిలబడింది. బావమరిదికి కన్ను కుట్టింది. ఆయన ఎదుట ‘ఆవిరి’ అన్న మాట ఎత్తడానికి టీ కొట్టువాడు కూడా జంకాడు.

అయితే వినుము, పాఠకుడా. విజయం నెత్తికెక్కిన చోట పొదుపు వచ్చి పక్కన కూర్చుంటుంది.

పండ్ల వ్యాపారంలో పైవరస అని ఒకటుంది. పెట్టె అడుగున నిన్నటివీ మొన్నటివీ పేర్చి, కొనేవాడి కంటపడే పైవరసలో మాత్రం ఇవాళ దిగిన మేలిపండ్లు సర్దడం. చూస్తే పెట్టె నిగనిగలాడుతూ ఉంటుంది. ఇంటికి పోయి నాలుగు పండ్లు తీశాక గాని అసలు కథ తెలియదు. మన షావుకారు ఈ విద్యకు కాలయముడు. ఎవరి పెట్టె అయినా సరే, మోచేతి దాకా చెయ్యి దింపి అడుగుపండు పైకి లాగందే మాట్లాడేవాడు కాదు. పైవరస వేసి ఆయనకు అమ్మగలిగినవాడు ఆ షెడ్డులో పుట్టలేదు.

అటువంటి పైవరసాంతకుడు ఒకరాత్రి స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి, లెన్సులు కళ్ళల్లో పెట్టుకున్న తరువాత, డబ్బీలో మిగిలిన సొల్యూషన్‌ను దీపానికెత్తి చూశాడు. ఎంత తేటగా ఉంది! రంగు మారలేదు, వాసన లేదు. ఇంత మంచి సరుకును చూస్తూ చూస్తూ ఎవడైనా తూములో పోస్తాడా? పోయలేదు. మర్నాడు పొద్దున లెన్సులు తీశాక ఆ పాతదాని మీదే కాసిని కొత్త చుక్కలు పోసి డబ్బీ నింపాడు. ఆ మర్నాడూ అంతే. నేత్రయుగళసంరక్షణార్థం కొన్న సీసా వట్టిపోకుండా ఎన్నాళ్ళు నిలుస్తుందో చూసి ఆయన లోలోపల మీసం మెలేశాడు. డబ్బీ అడుగున జిగురులాంటి పొర ఒకటి మౌనంగా కాపురం పెట్టింది. దాన్ని చూడడానికి ఆయన వేలు పెట్టలేదు. తన పెట్టె అడుగును తనే తడుముకునే అలవాటు వ్యాపారికి ఉండదు.

ఇలా ఉండగా కొత్తకాపు ఆపిల్ లోడు దిగే రోజు వచ్చింది. ఆ మొదటి లోడు ఎవరు వేలంలో పాడుకుంటే ఆ కాపు ముగిసేదాకా చిల్లర కొట్లవాళ్ళందరూ ఆ గుమ్మానికే వస్తారు. షావుకారు కోడికంటే ముందు లేచాడు. చేతులు కడిగి ఆరబెట్టుకుని, అద్దం ముందు నిలబడి యుద్ధానికి దిగాడు.

ఎడమకంటి లెన్సు పిలవగానే వచ్చి అరచేతిలో శరణాగతి వేడింది.

కుడికంటిది రాలేదు.

రెప్పను సాగదీశాడు. రాలేదు. నొక్కాడు. రాలేదు. లెన్సు తీయడానికి ఇచ్చిన చిన్న రబ్బరు కప్పు, చీమ కాలికి తొడిగే బూటంత ఉన్న ఆ మహాస్త్రాన్ని అందుకుని, వామహస్తంతో కనురెప్పను విదారించి, దక్షిణహస్తంతో గురిపెట్టి, రోషకషాయితలోచనుడై, అంటే ఒక లోచనం నిజంగానే ఎర్రని కషాయమై ఉండగా, మనసులో ఇలా గర్జించాడు:

“ఓరీ కాచశకలాధమా! నా అనుమతితో నా కంట చేరి, నా నిద్రను మేసి బలిసి, నేడు నా జైత్రయాత్రకు అడ్డుపడతావా? లారీలకు లారీలనే వెనక్కి తిప్పి పంపిన ఈ భుజపరాక్రమం ఎరుగవా? క్షణంలో నేత్రదుర్గం వీడి బయటికి రా! రాకున్నచో నిన్ను దుర్గంతో సహా పెకలిస్తాను!”

ఈ భీషణభాషణమంతా నోటినుంచి మాత్రం “అబ్బబ్బ, రా తల్లీ, రా” అని వెలువడింది.

“ఎవర్నండీ అంతగా బతిమాలుతున్నారు?” అంటూ ఇల్లాలు వచ్చింది.

“లెన్సుని.”

“నన్నెప్పుడైనా అలా బతిమాలారా?” అంటూనే ఆయన మొహం తనవైపు తిప్పుకుని అదిరిపడింది. “అయ్యో, కన్నేంటండీ చింతనిప్పులా ఉంది! ఎప్పట్నుంచి?”

“నిన్న కొంచెం గరగరలాడింది. దుమ్మనుకున్నా.”

“అనుకుని, మళ్ళీ రాత్రి లెన్సు పెట్టుకున్నారా?”

“ఇవాళ లోడు కదే!”

అంటూ ఆయన, ఇక జలాస్త్రమే శరణ్యమని తలచి, కుళాయి వైపు చెయ్యి చాచాడు. నీళ్ళు దోసిట పట్టి కంట్లో కొడితే ఏ లెన్సయినా రాక చస్తుందా! ఇల్లాలు ఆ చేతిని గాల్లోనే పట్టేసింది.

“కుళాయి ముట్టుకున్నారంటే ఊరుకోను. నీళ్ళు తగలకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ చెబుతుంటే మీరు తల ఊపారు. నేను విన్నాను.”

మరో చేత్తో డాక్టరమ్మకు ఫోన్ కలిపింది. నిద్రమత్తులో ఉన్నా ఆవిడ గొంతు రెండో మాటకే చురుకైంది.

“ఆ రబ్బరు కప్పు ముందు అవతల పెట్టించండి. అతుక్కున్నదాన్ని లాగితే పొర గీరుకుపోతుంది. కంటికి తడికని లెన్సుతోపాటు ఇచ్చిన చుక్కలు ఉన్నాయిగా? అవి వేసి ఆగమనండి. రెప్పలు ఆడించమనండి. లెన్సు కదిలిందని తెలిశాకే తియ్యాలి.”

“ఆగమంటే ఎంతసేపమ్మా?” అన్నాడు షావుకారు.

“కదిలేదాకా.”

ఆయన జీవితంలో ఇంత ఘోరమైన షరతు మీద ఏ బేరమూ చేయలేదు. ఇటు చుక్కలు. అటు లోడు. ఇల్లాలు చుక్కలు వేసింది. ఆయన మంచం మీద కూర్చుని రెప్పలు ఆడించసాగాడు. కదలని శత్రువుతో కదలకుండా చేసే ఆ యుద్ధంలో ఒక్కొక్క రెప్పపాటూ ఒక్కొక్క యుగంలా గడిచింది. అంతలో వీధిలో హారన్ మోగింది. వ్యాను దిగి బావమరిది లోపలికొచ్చాడు.

“బావా, ఇంకా ముస్తాబవుతున్నావా? అక్కడ లారీ తాళ్ళు విప్పుతున్నారు!” అని, ఆయన వాలకం చూసి, “ఇదేంటి, అక్కకి కన్నుకొడుతున్నావా పొద్దున్నే?”

“నోర్ముయ్యరా.”

“మార్కెట్టులో ఎవరికీ చెప్పన్లే, కొట్టుకో.”

మరికొన్ని చుక్కలు పడ్డాయి. ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు. పెట్టెకు అంటుకుని ఊడనని మొండికేసిన చీటీ తేమ తగిలి తనంతట తానే వదులైనట్టు, లెన్సు మెల్లగా తేలి పక్కకు జరిగింది. షావుకారు కిందిరెప్పను వేలితో అలా అన్నాడో లేదో, అది జారి ఇల్లాలి అరచేతిలో పడింది. ఆయన విజయధ్వానం చేయడానికి నోరు తెరిచాడు. అదే క్షణంలో కిటికీలోంచి తొలిఎండ ఆ కంటికి తగిలింది. వెయ్యి సూదులు ఒక్కసారి గుచ్చుకున్నట్టయి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

“వెలుతురు చూడగలుగుతున్నారా?” అంది ఫోన్లో డాక్టరమ్మ.

“ఆ, బ్రహ్మాండంగా.”

“లేదమ్మా,” అంది ఇల్లాలు, “మొహానికి దిండు అడ్డం పెట్టుకున్నారు.”

“అయితే వెంటనే తీసుకురండి. లెన్సూ డబ్బీ కూడా తేవాలి. కడగొద్దు, ఉన్నవి ఉన్నట్టు తెండి.”

“లోడు పాడేసి మధ్యాహ్నం వస్తానమ్మా,” అన్నాడు షావుకారు దిండు వెనకనుంచి. “చెడింది ఒక్క కన్నేగా, రెండోది బానే ఉంది.”

డాక్టరమ్మ నెమ్మదిగా అంది. “చూడండి. అది పుండయితే గంటల్లో లోపలికి దిగొచ్చు. దిగితే మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ నల్లగుడ్డు నడుమన పడితే నా లెన్సూ సరిచెయ్యలేదు, మీ పాత కళ్ళజోడూ సరిచెయ్యలేదు. లోడు ఏడాదికోసారి వస్తుంది. ఆ పైన మీ ఇష్టం.”

బావమరిది ఈసారి నవ్వలేదు. అది చూసి షావుకారుకు నిజంగా భయమేసింది. వాడు వేళాకోళం మానేశాడంటే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో ఆయనకు తెలుసు.

ఇప్పుడు ఆయన అంతరంగంలో చెలరేగిన సంగ్రామం ముందు ఇందాకటి లెన్సు యుద్ధం పిల్లల ఆట. ఒక వైపు కొత్తకాపు ఆపిల్ పెట్టెలు ఎర్రని రథాల్లా బారులు తీరి పిలుస్తున్నాయి. మరో వైపు ఎర్రని కన్ను పిలుస్తోంది. ఒక కంటి సంగతి మాత్రమే అని తేలిగ్గా అనడానికి నోరు బాగానే వచ్చింది. కానీ ఒక్క కంటితో పండును చూడడం ఎలా ఉంటుందో దిండు చాటున ఆ కాసేపట్లోనే ఆయనకు తెలిసింది. చేతికందే దూరంలో ఉన్న మంచపుకోడును పట్టుకోబోయి గాలిని పట్టుకున్నాడు.

“రేయ్,” అన్నాడు చివరికి.

“చెప్పు బావా.”

“లోడు నువ్వు పాడు. నీ కొట్టుకి కాదు. నా తరఫున.”

“నన్ను నమ్ముతావా?”

“నమ్మక చస్తానా?”

“ఎంతదాకా పోమంటావ్?”

తన హద్దు ఎంతో ఇంతవరకు ఇల్లాలికి కూడా చెప్పని ఆ గుట్టుమనిషి, దిండు పక్కకు తీసి, వాడి చెవిలో చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కంట నీరు కారింది. కంటి జబ్బువల్లనే అని చరిత్రకారులు రాయవచ్చు. కథకుడు ఆ విషయంలో మౌనం వహిస్తాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గడ్డం ఆనించే యంత్రం ముందు ఆయన్ని కూర్చోబెట్టి, కంట్లో పసుపురంగు మందు వేసి, నీలిదీపంతో చాలాసేపు చూసింది.

“చిన్న పుండే. అంచున ఉంది, నడిమికి రాలేదు. ఇంకా లోతుగా దిగలేదు.” తరువాత డబ్బీ మూత తిప్పి, వంచి చూసి, ముక్కు చిట్లించింది. “పాత సొల్యూషన్ పారబోస్తున్నారా?”

సభామధ్యంలో సాక్షిలా నిలబడి ఉంది ఆ డబ్బీ. షావుకారు పైకప్పుకేసి చూశాడు. “పైన కొత్తది పోస్తూనే ఉన్నానమ్మా.”

“పైన అంటే?”

ఆయన జవాబు చెప్పేలోపు ఇల్లాలికి అర్థమైపోయింది. పండ్ల వ్యాపారిని కట్టుకుని ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. “అడుగున పాతది, పైన కొత్తది!” అంది నెత్తి కొట్టుకుంటూ. “ఏమండీ, కంటికి కూడా పైవరస వేశారా?”

ఆ ఒక్క మాట ఆ వీరాధివీరుడి కవచం చీల్చుకుని గుండెలో దిగబడింది. లోకంలోని దొంగ పెట్టెలన్నిటి అడుగులూ తడిమిన చెయ్యి ఇదే. తనను ఎవడూ మోసం చెయ్యలేడని విర్రవీగిన బుద్ధి ఇదే. ఇన్నాళ్ళూ అమ్మినవాడూ తనే, కొన్నవాడూ తనే. అమ్మినవాడు ఎంత గడుసువాడంటే కొన్నవాడికి కన్ను పోబోయేదాకా తెలియనివ్వలేదు.

“ఇంకా చూడమ్మా,” అన్నాడు డాక్టరమ్మతో, గొంతు తగ్గించి. “నడిమికి రాలేదని అన్నావ్. మళ్ళీ ఒకసారి చూడు.”

ఆవిడ మళ్ళీ చూసింది. నడిమికి రాలేదు.

అక్కడినుంచి చుక్కల కాండం మొదలైంది. గంటగంటకూ మందు. ఇల్లాలు అలారం పెట్టుకుని వేసేది, కునికిపాట్లు పడుతూ ఒక్కోసారి చెవిలో వేసేది. లెన్సులు, డబ్బీ చెత్తబుట్టలో పడ్డాయి. షావుకారు మళ్ళీ కళ్ళజోడుతో మార్కెట్టుకు వెళ్ళాడు. మళ్ళీ ఆవిరి కమ్మింది. బావమరిది పాడిన లోడును పెట్టె పెట్టెకూ చెయ్యి దింపి చూసుకున్నాడు. ఒక్క పెట్టెలోనూ పైవరస లేదు.

“ప్రతి పెట్టె అడుగూ తడిమాను బావా,” అన్నాడు వాడు, గీరుకుపోయిన మోచేతులు చూపిస్తూ. “నువ్వు చేసినట్టే చేశాను. షెడ్డంతా నన్ను నీకంటే ఎక్కువ తిట్టింది.”

షావుకారు అద్దాలు తుడుచుకున్నాడు. ఆవిరి అప్పటికే పోయి చాలాసేపయింది.

పుండు మాని, మచ్చ మిగలక, కంటి ఎరుపు పోయి, డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు పరీక్షించి, కొత్త లెన్సులకు కొలతలు తీసి, “ఈసారి తల ఊపొద్దు, నోటితో చెప్పండి” అని షరతులన్నీ ఆయన చేతే అప్పజెప్పించుకున్న తరువాత, మన కథలోని మహాయుద్ధం జరిగింది. ఇంతవరకు జరిగినవన్నీ చిల్లర కొట్లాటలు.

పడకవేళ. స్నానాలగది. అద్దం. కొత్త లెన్సులు కళ్ళల్లో కుదురుకున్నాయి. షావుకారు చేతిలో కొత్త డబ్బీ. అందులో ఆ పూటకు పని ముగించుకున్న సొల్యూషన్. ఆయన దాన్ని దీపానికెత్తి చూశాడు. తేటగా ఉంది. కన్యకాహృదయంలా, కడిగిన ముత్యంలా, వేకువ మంచుబిందువులా, ఎటు తిప్పి చూసినా వంక పెట్టలేని సరుకు.

చెయ్యి తూము మీదికి వెళ్ళింది. ఆగింది. వెనక్కి వచ్చింది. తాతతండ్రులనాటినుంచి ఆ వంశంలో పనికొచ్చే వస్తువును పారబోసిన చెయ్యి లేదు. ముత్తాతలు పైలోకంనుంచి వంగి చూస్తున్నారేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. ఒక్కరోజే కదా అంది పొదుపు, చెవిలో పాతస్నేహితుడిలా. ఆయన నుదుట చెమట పట్టింది.

“ఏమండీ, పారబోశారా?” పడకగదిలోంచి ఇల్లాలు.

“పోస్తున్నా.”

“ఏదీ, చప్పుడు వినపడలేదే?”

“చెంచాడు నీళ్ళకి చప్పుడేంటే, జలపాతమా?”

“పోస్తే ఎంతో కొంత వస్తుంది. రాలేదంటే పొయ్యలేదన్నమాట.”

అప్పుడు ఆ ధీరుడు కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. వంశప్రతిష్ఠను తక్కెడ ఒక పళ్ళెంలోనూ, కంటిపొరను మరో పళ్ళెంలోనూ వేశాడు. సర్వసంగపరిత్యాగి వలె మణికట్టు వంచాడు. ‘టప్’ మని ఒక బొట్టు, దాని వెంట సన్నని ధార, ఆ వెంట నిశ్శబ్దం. తూము ఒక్క గుటకలో మింగేసింది. ముత్తాతలు ఎవరూ దిగి రాలేదు. షావుకారు కళ్ళు తెరిచి, డబ్బీని కొత్త సొల్యూషన్‌తోనే కడిగి, శుభ్రమైన కాగితం మీద బోర్లించి, స్నానాలగది గుమ్మంలో రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు.

“విన్నావా?” అన్నాడు.

“విన్నాను. ఇక లైటార్పి రండి.”

దిక్పాలకులు పూలు చల్లలేదు, దుందుభులు మోగలేదు. పక్కింట్లో ఎవరో దగ్గారు, అంతే. అయినా జయం జయమే గనుక కథకుడు దాన్ని లోకానికి చాటుతున్నాడు. జమాఖర్చులు సరిచూడగా ఆ మహాసంగ్రామంలో ఆవిరి షావుకారు పోగొట్టుకున్నది చెంచాడు పాత నీళ్ళు. గెలుచుకున్నది, బోర్లించి ఆరబెట్టిన ఒక ఖాళీ డబ్బీ.